పద్నాలుగు వేల కిలోమీటర్లు, ఎన్ని గంటలు?



అబ్బాయి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎంత దూరమండీ?" అని. అడిగింది దూరం, జవాబు మాత్రం గంటల్లో వస్తుంది. "ఇరవై రెండు, ఇరవై మూడు గంటలు పడుతుందండీ, దుబాయిలో విమానం మారాలి" అంటారు. అడిగినవాళ్లు కూడా "అమ్మో" అని ఊరుకుంటారే తప్ప, కిలోమీటర్లు ఎన్ని అని రెట్టించరు. ఒక విధంగా వాళ్లే తెలివైనవాళ్లు. విజయవాడ నుంచి హైదరాబాదు 270 కిలోమీటర్ల పైచిలుకు అంటే, ఐదు గంటలని కారెక్కకముందే లెక్క వేసుకోవచ్చు. ఆకాశంలో ఆ లెక్క పారదు. దగ్గరి దారి పట్టిన విమానం ఆలస్యంగా చేరింది, పద్నాలుగు వందల కిలోమీటర్లు చుట్టు తిరిగిన విమానం ముందుగా దిగింది. మన దేశం నుంచి వెళ్లిన విమానాలకే జరిగిన ముచ్చట ఇది. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక జంట ఊళ్లు పట్టుకుందాం. బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో. దక్షిణాది నుంచి అమెరికాకి మధ్యలో ఎక్కడా ఆగకుండా పోయే విమానం మొదట ఈ రెండు ఊళ్ల మధ్యే నడిచింది. మన హైదరాబాదు నుంచి షికాగోకి కూడా 2021 జనవరి 15న ఒకటి మొదలైంది గాని ఎంతో కాలం నిలవలేదు.

2021 జనవరి 9, శనివారం రాత్రి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777 గాల్లోకి లేచింది. పైలట్లు నలుగురూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివాని మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. దాదాపు పదిహేడు గంటల ప్రయాణం. 1912లో కనిగిరి ప్రాంతం నుంచి అమెరికా వెళ్లి, అక్కడ మన స్వాతంత్ర్యం కోసం పోరాడే గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్యగారి కాలంలో ఇదే ప్రయాణం ఓడల మీద, వారాల లెక్క. ఆ నలుగురు పైలట్ల ఫొటోలు పేపర్లలో వచ్చాయి, రావాల్సిందే. కాని చాలామందికి ఒక అనుమానం మిగిలిపోయింది. బెంగళూరు రావడానికి ఉత్తర ధ్రువం దాకా ఎందుకు పోవడం?

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే తీసుకోండి. దారం ముక్క ఒకటి చాలు. ఒక కొస బెంగళూరు మీద వేలితో నొక్కి పట్టుకుని, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో దాకా లాగి బిగించండి. దారం వదులుగా ఉన్నంతసేపూ పసిఫిక్ మీద వేలాడుతుంది. బిగించేసరికి గబుక్కున పైకి, ఉత్తరానికి జారుతుంది. జపాన్ వైపు కన్నెత్తి చూడదు. బెంగళూరు దాటి, రమారమి మన నంద్యాల మీదుగా, నల్గొండ మీదుగా, ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలు, నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియా, అక్కణ్ణుంచి అలాస్కా, ఆపైన కెనడా తీరం వెంబడి కిందికి. ఆ దారం పొడవే రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దూరం. సుమారు 14 వేల కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి కొలిస్తే 13 వేల 500.

గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో ఇదే పని చేస్తే మోసపోతాం. పటంలో స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ గీత పసిఫిక్ మీదుగా చక్కగా తూర్పుకి పోతుంది. చూడ్డానికి తిన్నగానే ఉంటుంది. ఆ గీత వెంబడి నిజంగా ఎగిరితే 16 వేల కిలోమీటర్ల పైనే అవుతుంది. రెండు వేల కిలోమీటర్లు దండగ. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిస్తే వచ్చే చిక్కు ఇది. విమానంలో సీటు ముందు తెర మీద బాణం గుర్తు విల్లులా వంగి ఉత్తరానికి పోతుంటే, "వీడు మనల్ని ఎటు తీసుకుపోతున్నాడు?" అని పక్క సీటువాళ్లు గాభరా పడుతుంటారు. విమానం తిన్నగానే పోతోంది, తెర మీది పటమే వంకర.

ఇంకో మాట. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు గనక, ఏ రెండు ఊళ్ల మధ్యయినా దగ్గరి దూరం 20 వేలు దాటదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ 15 వేల 300 పైచిలుకు. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని ఆగకుండా పోగలిగిన ప్రయాణాల్లో అదే అతి పొడుగు, పద్దెనిమిది గంటల పైమాట. దాని పక్కన పెడితే బెంగళూరు దూరం పెద్దగా తీసిపోదు.

మరి దారం చూపిన దారిలోనే విమానాలు పోవచ్చు కదా? పోవు. అడ్డం టిబెట్. అది ఎత్తయిన పీఠభూమి, సగటున నాలుగున్నర వేల మీటర్ల ఎత్తు. విమానంలో గాలి పీడనం ఒక్కసారిగా పడిపోతే పైలట్ చేయాల్సిన మొదటి పని, మనుషులు మామూలుగా ఊపిరి పీల్చుకోగల ఎత్తుకి, అంటే దాదాపు మూడు వేల మీటర్లకి, గబగబా దిగిపోవడం. పై నుంచి రాలిపడే ఆ పసుపు పచ్చ మాస్కుల్లో ప్రాణవాయువు నిమిషాల లెక్కే గాని గంటల లెక్క కాదు. కింద నేలే నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంటే ఇక ఎక్కడికని దిగుతారు? అందుకని టిబెట్‌ని వీలైనంతవరకు తప్పించుకుంటారు. అలా తప్పించుకోవాల్సి వచ్చినప్పుడు ధ్రువం దారి బాగా కలిసొస్తుంది. లెక్క కట్టి చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నిటారుగా ఉత్తర ధ్రువానికి పోయి, అక్కణ్ణుంచి నిటారుగా బెంగళూరుకి దిగితే మొత్తం 14 వేల 360 కిలోమీటర్లు. దారం దూరం కంటే అదనంగా అయ్యేది 370 కిలోమీటర్లే. అరగంట ప్రయాణం కూడా లేదు. ధ్రువం అంటే మనకి లోకం అంచులా అనిపిస్తుంది గాని, ఈ రెండు ఊళ్లకీ అది దాదాపు దారిలోనే ఉంది.

దారిలో ఉన్నంత మాత్రాన సుఖమైన దారి కాదు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో అక్కడి చలి సున్నాకి దిగువన 60, 70 డిగ్రీలు. అమెరికాలో మామూలుగా నింపే విమాన ఇంధనం సున్నాకి దిగువన 40 డిగ్రీల దగ్గరే చిక్కబడి గడ్డకట్టడం మొదలెడుతుంది. రెక్కల్లో ఉండే ఇంధనానికి గంటల తరబడి ఆ చలి తగులుతుంటే, పైలట్లు ఇంధనం వేడిని చూసుకుంటూ కూర్చోవాలి. మరీ చల్లబడితే కాస్త కిందికి దిగడమో, వేగం పెంచడమో చేస్తారు. వేగం పెరిగితే గాలి ఒరిపిడికి రెక్క పైపొర వేడెక్కుతుంది. దిక్సూచి అక్కడ పనికిరాదు. అయస్కాంత ధ్రువం దగ్గరపడే కొద్దీ ముల్లు ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది.

మాట్లాడుకోవడం మరో కష్టం. మనం టీవీ చూసే ఉపగ్రహాల్లాంటివి భూమధ్యరేఖకి పైన 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. 82 డిగ్రీల అక్షాంశం దాటితే అవి దిగంతం కిందికి వెళ్లిపోతాయి, కనబడవు. అప్పుడు పైలట్లకి దిక్కు షార్ట్ వేవ్ రేడియో. అవునండీ, మన ఇళ్లలో మర్ఫీ సెట్టు ముల్లు తిప్పుతూ సిలోన్ స్టేషన్ పట్టుకున్నామే, ఆ షార్ట్ వేవే. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు వచ్చాక ఇబ్బంది కొంత తగ్గింది గాని, షార్ట్ వేవ్ అవసరం తీరిపోలేదు. సూర్యుడి మీద తుఫాను రేగితే మొదట చెడేది కూడా అదే. అలాంటి రోజుల్లో విమానాలు ధ్రువాన్ని వదిలి దక్షిణంగా పోతాయి, ఆ మేరకు ఆలస్యమవుతుంది. అమెరికా నిబంధనల్లో ఇంకో ముచ్చట ఉంది. ధ్రువం దారిలో పోయే విమానంలో గడ్డకట్టే చలిని తట్టుకునే దుస్తులు కనీసం రెండు జతలు ఉండాలి. రెండు, మూడు వందల మంది ఎక్కే విమానంలో రెండే జతలు! ఎక్కడో సైబీరియాలో దిగాల్సి వస్తే, బయటికి వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడి రావలసిన సిబ్బంది కోసమని. మిగతావాళ్లం లోపలే.

ఇక గాలి సంగతి. నా మటుకు నాకు ఈ విషయంలో అసలు రుచి ఇక్కడే ఉంది.

భూమికి పది కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకి గాలి నదుల్లా పారే వరసలు ఉన్నాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకి 150, 200 కిలోమీటర్లు మామూలు. చలికాలంలో 300 కూడా దాటుతుంది. దీన్ని మొదట శాస్త్రీయంగా కొలిచింది వాసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త. 1920ల్లో టటేనో పరిశోధనశాల నుంచి బెలూన్లు ఎగరేసి, అవి కొట్టుకుపోయే వేగం లెక్కగట్టారు. 1926లో ఆ ఫలితాలు అచ్చువేశారు. ఏ భాషలో అనుకున్నారు? ఎస్పెరాంటోలో. వేర్వేరు భాషలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికని కల్పించిన భాష అది, ఓయిషిగారికి దాని మీద మమకారం. ప్రపంచం మొత్తం చదవాలని ఆ భాషలో రాస్తే, ప్రపంచంలో దాదాపు ఎవరూ చదవలేదు. 1944లో జపాన్ మీద బాంబులు వేయడానికి వచ్చిన అమెరికన్ బి-29 విమానాలు ఆ గాలిలో చిక్కుకుని, గురి తప్పి, అప్పుడు తెలుసుకున్నాయి.

ఈ గాలి లెక్క మార్చేస్తుంది. పెద్ద జెట్ విమానం గాలిలో గంటకి 900 కిలోమీటర్లు పోతుందనుకోండి. వెనక నుంచి 150 తోస్తే నేల మీద లెక్కలో అది 1,050. ఎదురొస్తే 750. అదే 14 వేల కిలోమీటర్లకి, మొదటి లెక్కన పదమూడు గంటల ఇరవై నిమిషాలు, రెండో లెక్కన పద్దెనిమిది గంటల నలభై నిమిషాలు. దారంతా గాలి ఒకే తీరుగా ఉండదనుకోండి, కాని తేడా ఎంతుంటుందో తెలియడానికి ఈ లెక్క చాలు. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద సియారా అనే తుఫాను రేగినప్పుడు, న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 నాలుగు గంటల యాభై ఆరు నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు, ఏడు గంటల ప్రయాణం.

ఇప్పుడు మొదట చెప్పిన ముచ్చట. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో విమానం మొదలెట్టింది. యూరప్, అట్లాంటిక్ మీదుగా, పడమటి వైపు నుంచి పోయేది. సుమారు 13 వేల 900 కిలోమీటర్లు. దారి పొడుగునా ఎదురుగాలి. 2016 అక్టోబరులో దాన్ని తూర్పు వైపుకి తిప్పారు. చైనా, జపాన్, పసిఫిక్ మీదుగా 15 వేల 300 కిలోమీటర్లు. దూరం పద్నాలుగు వందలు పెరిగింది, కాని విమానం పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందే. తిరుగు ప్రయాణం మాత్రం పాత అట్లాంటిక్ దారిలోనే, అప్పుడు అక్కడి గాలి వెనక నుంచి తోస్తుంది. పోవడం తూర్పుగా, రావడం తూర్పుగా. టికెట్టు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి కొనుక్కున్నవాళ్లు తిరిగి వచ్చేసరికి భూప్రదక్షిణం పూర్తయ్యేది, చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఇంతవరకు ప్రకృతి పెట్టే ఇబ్బందులు. వాటికి పైలట్లు, కంప్యూటర్లు, వాతావరణ శాఖలు కలిసి ఏదో ఒక దారి చూస్తారు. మనుషులు పెట్టే ఇబ్బందికి దారి లేదు, చుట్టు తిరగడమే. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగాక, అమెరికా, యూరప్ విమానాలకి రష్యా ఆకాశం మూతపడింది. అమెరికా నుంచి మన దేశానికి ఉత్తరాన రావాలంటే రష్యా మీదుగా రావాల్సిందే. అంత పెద్ద దేశాన్ని చుట్టి రావడం అంటే గంటల ఇంధనం. అమెరికా కంపెనీలు అంతకుముందు ప్రకటించుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు, సియాటిల్–బెంగళూరు సర్వీసులు మొదలుకానేలేదు. మనకి రష్యాతో పేచీ లేదు గనక ఎయిర్ ఇండియా విమానాలు ఆ దారినే పోయాయి. ఆ లాభం వెంట ఒక చిక్కు కూడా ఉంది. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానానికి ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దింపారు. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. సముద్రం ఒడ్డున, చలిదేశంలో, ఒకప్పుడు స్టాలిన్ కాలపు ఖైదీలని ఓడల్లో తెచ్చి దింపిన ఊరు అది. అంతమందికి హోటల్ గదులు ఎక్కడివి? కొందరు బడి గదుల్లో, హాస్టళ్లలో నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. భాష రాదు, తిండి పడదు, కార్డులు పనిచేయవు. ముంబయి నుంచి మరో విమానం వెళ్లి వాళ్లని ఎక్కించుకుని అమెరికా చేర్చింది. పదహారు గంటల ప్రయాణం రెండు రోజులు దాటింది.

2025 ఏప్రిల్ 24న, పహల్గామ్ ఉగ్రదాడి తర్వాత, పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసేసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా పోయే విమానాలు ఇంధనం కోసం వియన్నాలోనో, కోపెన్‌హాగన్‌లోనో ఆగాల్సి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ముంబయి వచ్చే విమానం కోల్‌కతాలో ఆగి వచ్చేది. భూమి మీద దూరం ఒక్క మీటరు కూడా పెరగలేదు. నాన్‌స్టాప్ అని గొప్పగా చెప్పుకునే సర్వీసు కన్నా నాజూకైనది విమానయానంలో మరొకటి లేదని నా అభిప్రాయం. దారిలో ఏ ఇద్దరు పొరుగువాళ్లు దెబ్బలాడుకున్నా ముందు తెగేది అదే.

గడియారం సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే పెద్దవాళ్లు నిజంగా తికమకపడేది అక్కడే. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనక. వేసవిలో వాళ్లు గడియారం ముందుకు జరుపుకుంటారు గనక పన్నెండున్నర. చలికాలంలో బెంగళూరులో మధ్యాహ్నం రెండింటికి ఎక్కి పదహారు గంటలు కూర్చుంటే, అక్కడ దిగేసరికి అదే రోజు సాయంత్రం నాలుగున్నర. రెండున్నర గంటల్లో అమెరికా వచ్చేసినట్టు కనబడుతుంది, ఒళ్లు మాత్రం ఒప్పుకోదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ బాకీ వడ్డీతో సహా చెల్లు. ఆ నలుగురు పైలట్ల విమానమే చూడండి, శనివారం రాత్రి లేచి సోమవారం తెల్లవారుజామున దిగింది. టికెట్టు మీద ఆదివారం లేదు. ఇక్కడి నుంచి ఎదుర్కోలుకి వెళ్లే బంధువులు ఈ తారీకు దగ్గరే పొరబడి, ఒకరోజు ముందే ఎయిర్‌పోర్టుకి పోయి నిలబడుతుంటారు.

షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లు, ఏ ఊరి గడియారం ప్రకారం వేసుకోవాలో బయల్దేరకముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. విమానంలో ఎయిర్ హోస్టెస్‌ని అడిగితే ఆ అమ్మాయి ఏం చెబుతుంది పాపం. డెబ్బై దాటినవాళ్లకి పదిహేడు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం కన్నా, మధ్యలో దుబాయిలోనో దోహాలోనో మూడు గంటలు దిగి, నాలుగడుగులు వేసి, కాళ్లు చాపుకుని మళ్లీ ఎక్కడమే మేలని నాకనిపిస్తుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కదలకుండా కూర్చున్నకొద్దీ పెరుగుతుంది. దుబాయి మీదుగా హైదరాబాదు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 15 వేల 600 కిలోమీటర్లు, దారం దూరం కంటే రెండు వేలు ఎక్కువ. అయితే ఏం, ఆ రెండు వేలూ నడిచేది మనం కాదు కదా.

పిల్లలు టికెట్టు కొనేటప్పుడు ఒక్క విషయం మాత్రం కనుక్కోమనండి. విమానం ఇంధనం కోసం ఎక్కడైనా ఆగుతుందా? ఆగితే అక్కడ దిగనిస్తారా, లోపలే కూర్చోబెడతారా? లోపలే అయితే, సీటు నడిచే దారి పక్కన ఉండేలా చూడమనండి.